తల్లి వచ్చిన ఇంట్లో పోపు వాసన

మొన్న మా మనవరాలికి ఒంటినిండా నీటి పొక్కులు లేచాయి. నిజామాబాద్‌లోని పిల్లల డాక్టరు ఒక చూపు చూసి, మందులు రాసిచ్చి, తగ్గేదాకా బడికి పంపొద్దని చెప్పి పంపేశాడు. ఇంటికొచ్చాక నేను అలవాటు కొద్దీ, తల్లి పోసిందే అన్నాను. ఆ పిల్ల ఊరుకుంటుందా, మంచంలో పడుకునే ఫోన్‌లో వెతికి, పోచమ్మ అంటే అంటువ్యాధుల నుంచి ఊరిని కాపాడే గ్రామదేవత అని గడగడా చదివి వినిపించింది. అందులో తప్పేమీ లేదు. సరిగ్గా అప్పుడే వంటింట్లో మా కోడలు పప్పుకు పోపు వేసింది. ఆవాలు చిటపటమన్నాయి, వెల్లుల్లి వాసన ఇల్లంతా కమ్మింది, నేను ఉలిక్కిపడి లేచాను. ఎందుకో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, చెప్పకపోతే నాకు మనసు కుదుటపడదు.

అప్పట్లో మేం బోధన్‌లో ఉండేవాళ్లం. బాపుకు, అంటే మా నాన్నకు, చక్కెర ఫ్యాక్టరీలో పని. చెరుకు బండ్లు వీధి పొడవునా బారులు తీరే రోజులవి. బండి వెనకాల గడ లాగి తిన్నానని అమ్మ చేతిలో నేను తిన్న దెబ్బలకు లెక్కలేదు. అలాంటి రోజుల్లో నా చెల్లెలికి తల్లి పోసింది. జబ్బు అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. వచ్చింది పోచమ్మ. పిలవకుండా వచ్చిన చుట్టం, కోపం రాకుండా చూసుకుని మర్యాదగా సాగనంపాలి. బాపు తల్లి, మా అవ్వ, మాకు చెప్పిన అర్థం అదే. గుమ్మానికి వేపమండలు కట్టింది. పొయ్యి మీద పోపు గింజ వేగకూడదు, తల దువ్వుకోకూడదు, పిల్లను పల్లెత్తు మాట అనకూడదు. చెల్లెలు గిన్నె విసిరికొట్టినా అందరూ తల్లీ తల్లీ అని దండం పెట్టేవాళ్లు. ఈ వైభోగం నాకెప్పుడు పడుతుందా అని నేను కుళ్లుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున ఫ్యాక్టరీ కూత వినబడింది, బాపు అన్నం డబ్బా ఇంకా కట్టలేదు. పెళ్లయిననాటి నుంచి ఆ కూత వినగానే కదిలే చెయ్యి అమ్మది. ఆదరాబాదరాగా నూనె పోసి, ఆవాలు, వెల్లుల్లి వేసి పప్పులో ఒంపేసింది. వాకిట్లోంచి అవ్వ కేకేసేలోగా వాసన చెల్లెలి మంచం దాకా పోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

మధ్యాహ్నానికి చెల్లెలి ఒళ్లు కాలిపోసాగింది. ఊపిరి తీస్తుంటే కొలిమి తిత్తిలా చప్పుడు. ఎదురింట్లో మెథడిస్టు మిషన్ దవాఖానలో పనిచేసే నర్సమ్మ ఉండేది, అవ్వకు మంచి స్నేహితురాలు. తల్లి వచ్చిన ఇంట్లోకి బయటివాళ్లు రాకూడదని తెలిసీ, ఆ చప్పుడు విని ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చేసింది.

"డొక్కలు గుంజుకపోతున్నయ్ సూడు అవ్వా. దవాఖానకు తీస్కపోవాలె. ఆలస్యం జేస్తే పిల్ల దక్కది," అన్నది.

బాపుకు కబురు పోయింది. ఆయన రిక్షా తీసుకుని వచ్చేసరికి అమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని గడపకు అడ్డంగా కూర్చుంది. తల్లి దిగిన పిల్లను గడప దాటించడమంటే చుట్టాన్ని మెడపట్టి గెంటడమే. బాపు అరిచాడు, తర్వాత బతిమాలాడు. అమ్మ కదల్లేదు.

"పోపు ఏసి నేనే తల్లికి కోపం తెప్పిచ్చిన. ఇప్పుడు ఇంట్లకెల్లి ఎల్లగొడితే నా బిడ్డను ఉంచుతదా?" అని ఏడ్చింది.

అందరం అవ్వ వైపు చూశాం. ఆచారం విషయంలో మా ఇంట్లో ఆమె మాటే శాసనం. ఆమె వద్దంటే రిక్షా తిరిగిపోవాల్సిందే, చెల్లెలు మాకు లేకుండా పోవాల్సిందే. అంత చిన్నదాన్నయినా ఆ సంగతి నాకు అర్థమైంది. అవ్వ ఒకసారి వేపమండల కేసి చూసి లోపలికి వెళ్లింది. చెంబులో నీళ్లు, పసుపు, బెల్లం, వేపాకు కలిపి తెచ్చింది. బోనాల నాడు అమ్మవారి ముందు పోసే సాక అది. గుమ్మానికున్న మండలు ఊడదీసి తీసుకెళ్లి రిక్షాకు కట్టింది. చక్రాల ముందు సాక పోసింది.

"నీ పోపుకు అలిగి పసిపిల్లను మింగితే అది తల్లెట్లయితది బిడ్డా? ఆమె వచ్చింది ఇంటికి గాదు, పిల్లకు. పిల్ల ఏడికి పోతే ఆడికి ఎంబడే వస్తది. లే," అన్నది.

గొంతు గట్టిగానే ఉంది గానీ, పోసిన సాకలో సగం ఆమె పాదాల మీదే ఒలికింది. అది నేను చూశాను. పోచమ్మకు ఆ అర్థం అంతకుముందు ఆమె ఎన్నడూ చెప్పలేదు. అప్పటికప్పుడు, తానూ భయపడుతూనే చెప్పిందని ఇప్పటికీ నా నమ్మకం.

అమ్మ లేచింది. రిక్షా పోయింది. ఆ పూట అవ్వ, నేను పొయ్యి ముట్టించకుండా కూర్చున్నాం. వీధిలో ఏ రిక్షా గంట మోగినా అవ్వ లేచి నిలబడేది, అది దాటిపోయాక మళ్లీ కూర్చునేది.

చెల్లెలు బతికింది. కొన్నాళ్లకు ఇంటికొచ్చింది, పోచమ్మకు బోనం తీశాం. ఇప్పుడు వేల్పూర్‌లో ఉంటుంది. కనుబొమ్మ పక్కన చిన్న గుంట తప్ప గుర్తేమీ లేదు, ఫోన్ చేస్తే నాతో గొడవకు సిద్ధం.

అమ్మ మాత్రం అవ్వ మాట విని గడప దాటింది గానీ, లోపలి భయాన్ని దాటలేకపోయింది. మాకందరికీ పోపు పెట్టిన పప్పే వడ్డించేది. తనకు మాత్రం ఒక గరిటెడు ముందే తీసి పక్కన పెట్టుకునేది. పోయేదాకా అంతే. పెద్దయ్యాక ఎందుకమ్మా అని మేం అడిగితే, వయసు మీద పడ్డది, అరగడం లేదు అనేది.

ఆ భయం ఈ కాలానికి లేదు, మంచిదే. దాన్ని మళ్లీ రమ్మని నేను కోరను. కానీ నిన్న పొక్కులు గోకుతోందని మా అబ్బాయి పిల్లను గట్టిగా కసిరితే, ఊరుకోరా ఇంట్లో తల్లి ఉంది అనబోయి ఆగిపోయాను. ఆ మాటకు ఈ ఇంట్లో ఎవరు జంకుతారు? ఇవాళ వంటింట్లోకి వెళ్లి, పిల్లకు తగ్గేదాకా నాకో గరిటెడు పప్పు పోపు వేయకముందే తీసి ఉంచమని కోడలికి చెప్పాను.

అరగడం లేదా అత్తమ్మా అని అడిగింది.

అవునన్నాను.