తుప్పు మిగిలిన మూడు గజాలు

వంతెనల మరమ్మతు శాఖలో ఆయన్ని అందరూ కషాయం అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు హాజరు పట్టీలో క్షేమంగా ఉంది. ముప్పై ఏళ్లుగా ఇనుప రైలింగులకు రంగు వేయడం ఆయన పని. రంగుకు ముందు చెట్టు బెరడు ఉడికించిన నీళ్లు పూస్తాడు. బెరడులోని వగరు ఇనుప తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొరవుతుంది. దాని మీద వేసిన రంగు ఏళ్ల తరబడి కదలదు. ఆయనకు తెలిసిన శాస్త్రం ఒక్కటే: రాలే తుప్పు దులపాలి, కరుచుకున్న తుప్పు ఉంచాలి.

ఆ ఏడాది శాఖకు కొత్త పర్యవేక్షకుడు వచ్చాడు. చదువుకున్నవాడు, శుభ్రత ఎరిగినవాడు, పైగా కషాయానికి స్వయానా అల్లుడు. మర్యాద మాత్రం తప్పేవాడు కాదు. మామగారిని నలుగురిలో తప్పుపట్టేటప్పుడు కూడా ‘మీరు’ అనే అనేవాడు.

నడక వంతెన పని మొదలైన రోజు అతను రైలింగు మీద వేలు రాసి చూసుకున్నాడు. ఎర్రగా అంటింది.

“ఏంటి మావయ్యా, తుప్పు మీదే మందు రాసేస్తారా?”

“జబ్బుంటేనే కదా బాబూ మందు.”

“కబుర్లొద్దు. అంతా గీకించి అద్దంలా మెరిపించండి. ఒంట్లో ఓపిక లేదంటే చెప్పండి, స్టోరు తాళాలు మీకిచ్చేస్తా. కుర్చీ కూడా ఉంది.”

ఆ కుర్చీ సంగతి శాఖలో అందరికీ తెలుసు. అందులో కూర్చున్న వాడెవడూ మళ్లీ పనిముట్టు పట్టలేదు. ఆఖరుగా కూర్చున్న వడ్రంగి రెండేళ్లకు తన ఉలి ఎక్కడ పెట్టాడో కూడా మరిచిపోయాడు.

ఇంటికెళ్లి కషాయం భార్యతో చెప్పుకున్నాడు. వంటింట్లో తుప్పు పట్టిన పాత పెనం మీద టీ చుక్క పడి నల్లబడిన మచ్చ చూపించి, ఈ పెనానికి తెలిసినంత కూడా నీ అల్లుడికి తెలియదన్నాడు. ఆవిడ పెనం తీసి పక్కన పెట్టింది.

“పెనం మన పిల్ల మొగుడు కాదుగా. నోరు మూసుకుని గీకు.”

నోరు మూసుకునే గీకాడు. ఆరుగురు మనుషులు ఐదు రోజులు గీకితే రైలింగు మెరిసింది. అల్లుడు అందులో చూసుకుని తల కూడా దువ్వుకున్నాడు. బెరడు నీళ్లు పూస్తే ఆ నునుపు మీద పట్టు దొరక్క చల్లారిన టీలా కారిపోయాయి. తడి ఆరాక రంగేయమన్నాడు అల్లుడు.

మెట్ల కింద మూడు గజాల ముక్క ఒకటుంది. దాన్ని చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. అల్లుడి ఇస్త్రీ ప్యాంటు అందుకు ఒప్పుకోదు. కషాయం అక్కడ పొడి తుప్పు మాత్రం దులిపి, బెరడు నీళ్లు పూశాడు. సాయంత్రానికి నల్లబడింది. మర్నాడు దానికీ రంగేశాడు.

రెండు వానలు పడ్డాయి. వంతెన పొడవునా రంగు అరటితొక్కలా ఊడి వేలాడింది. పెద్ద ఇంజనీరు చూడవచ్చాడు. పెద్దాయనకు ప్యాంటు పట్టింపు లేదు. మెట్ల కింద కూర్చుని ఆ మూడు గజాలనూ తాళంచెవితో గీసి చూశాడు. గీత పడలేదు.

“ఇదెవరు చేశారు?”

పనివాళ్లంతా కషాయం వైపు చూశారు. మాట వినలేదని ఒప్పుకుంటే కుర్చీ. ఒప్పుకోకపోతే ఊడిన రంగంతా తన చేతి పనే, అప్పుడూ కుర్చీయే. ఆయన లెక్క తేలేలోపు అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

“నేనే చేయించాను సార్. తేడా చూద్దామని ఆ ముక్క వరకు తుప్పు ఉంచమన్నాను.”

ఇంజనీరు కషాయాన్ని అడిగాడు, నిజమేనా అని. అల్లుడు మొదటిసారి మామగారి కళ్లలోకి చూశాడు.

“నిజమే సార్,” అన్నాడు కషాయం నెమ్మదిగా. “ఇది బాగుంటే మిగతా వంతెన కూడా నన్నే ఇలా చేయమన్నారు. స్టోరుకి ఇంకెవర్నైనా చూసుకుంటామన్నారు.”

“అవును సార్,” అన్నాడు అల్లుడు. అనక ఏం చేస్తాడు.

నెల తిరక్కుండా శాఖలో కొత్త పద్ధతి మీద ఒకరోజు శిక్షణ పెట్టారు. పాఠం చెప్పింది అల్లుడు. హాజరు తప్పనిసరి కనుక కషాయం ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్నాడు. చివర పరీక్ష పెట్టారు. తుప్పు ఎందుకు ఉంచాలన్న ప్రశ్నకు ఆయనకు సగం మార్కులే పడ్డాయి. కారణం సరిగా వివరించలేదట.

మర్నాడు పొద్దున్నే బ్రష్షు పట్టుకుని నిచ్చెనెక్కాడు.