చేతిమేస్త్రి మాట తప్పైన రోజు

ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయన్ని ఊరంతా చేతిమేస్త్రి అంటుంది. చేతివాటం ఉన్నవాడని కాదు, పాపం పరాయి స్క్రూ కూడా జేబులో వేసుకోడు. మీటరు పెట్టకుండా చేత్తో తడిమి జబ్బు చెప్పేస్తాడని ఆ పేరు. నలభై ఏళ్లలో ఆ చెయ్యి ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా చెప్పుకునేది ఆయనే.

సోమవారం ఆసుపత్రి నర్సమ్మ కబురు పెట్టింది. పిల్లల టీకా మందులుండే ఫ్రిజ్‌లో థర్మామీటరు పదకొండు డిగ్రీలు చూపిస్తోంది. ఎనిమిది దాటితే మందు పాడవుతుంది. మేస్త్రి తలుపు తీసి స్టీలు అరను తడిమాడు. చల్లగా తగిలింది.

"జ్వరం ఫ్రిజ్‌కి కాదమ్మా, నీ థర్మామీటరుకి. దాన్ని మార్చు."

"మీరన్నాక తిరుగేముంది బాబాయ్," అని ఆమె నవ్వేసింది.

బుధవారం పొద్దున్నే మళ్లీ ఫోను. కొత్త థర్మామీటరూ పదకొండే అంటోందట. మేస్త్రికి ఒళ్లు మండింది. చెప్పులేసుకుంటుంటే కూతురు గుర్తుచేసింది: "నాన్నా, రేపు గురువారం, టీకాల రోజు. పాపని తీసుకెళ్లాలి, నువ్వూ రావాలి."

ఈసారి ఒక చెయ్యి స్టీలు అర మీద, రెండో చెయ్యి మందుల అట్టపెట్టె మీద వేశాడు. స్టీలు చురుక్కుమనేంత చల్లగా ఉంది, అట్ట అంత చల్లగా లేదు. రాత్రంతా ఒకే ఫ్రిజ్‌లో ఉన్నవి రెండు రకాలుగా ఎలా ఉంటాయి? స్టీలు చేతిలోని వేడిని గబగబా లాగేస్తుంది, అట్ట మెల్లగా లాగుతుంది. చేతికి తెలిసేది తన వేడి ఎంత తొందరగా పోతోందో, అంతే. వస్తువు ఎంత చల్లగా ఉందో దానికేం తెలుసు? ఇంత చిన్న సంగతిని సొంత గొప్పల కింద తొక్కేశాడు.

ఫ్రిజ్ వెనక్కి తొంగి చూశాడు. ఆదివారం ఆసుపత్రి గోడలకి రంగులేసినవాళ్లు దాన్ని గోడకి ఆనించేసి పోయారు. ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని మోసుకొచ్చి వెనక గొట్టాల్లోంచి బయట పారేస్తుంది. పారేసే చోటే లేకపోతే అదేం చేస్తుంది? జానెడు ముందుకి లాగాడు. మధ్యాహ్నానికి థర్మామీటరు ఐదుకి దిగింది.

నర్సమ్మ వచ్చి చూసింది, మొహం వెలిగిపోయింది. "పొద్దున పదకొండు, ఇప్పుడు ఐదు! అయితే ఇదీ నాసిరకం థర్మామీటరే అన్నమాట. మీరు చెప్పినట్టే!"

తలూపితే చాలు, పేరు నిలబడిపోయేది. కానీ మనవరాలి చిట్టి కాలు కళ్లముందు మెదిలింది. మేస్త్రికి సిగ్గేసింది, భయమూ వేసింది.

"కాదమ్మా. నా చెయ్యే తప్పు చెప్పింది. ఈ మందులు మూడు రోజులు వెచ్చగా ఉన్నాయి. ఎవరికీ వెయ్యకు, మీ పైవాళ్లకి చెప్పు."

"రేపు వచ్చినవాళ్లంతా ఎందుకని అడుగుతారు బాబాయ్."

"నా పేరు చెప్పు."

వారం తర్వాత కొత్త మందులొచ్చాయి. వరసలో ఎవరో మేలమాడారు: "ఏం మేస్త్రీ, చెయ్యి పెట్టి చూడవా?"

మేస్త్రి కళ్లజోడు తగిలించుకుని థర్మామీటరు చదివాడు. ఐదు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. అప్పుడు, పాప కాలు కదలకుండా ఆ చేత్తోనే పట్టుకున్నాడు.