అల మీద ఆపిన ఇంటర్వెల్

మెట్రోలో నా పక్కన నిలబడ్డ కుర్రాడి ఫోన్‌లోంచి సముద్రం వినిపించింది. ఇయర్‌ఫోన్స్ ఇంట్లో మరిచిపోయినట్టున్నాడు, సినిమా మోతంతా అందరికీ పంచుతున్నాడు. దాన్ని హోరు అనడానికి లేదు, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుంది. తొంగి చూశాను. అరచేతిలో పట్టే తెర మీద ఒక అల లేచి పడవను మింగబోతోంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేశారు. అల ఆగిపోయింది. "ఆ, తార్నాక వచ్చిన, చెప్పు" అన్నాడు కుర్రాడు. నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఎందుకంటే నా నోటిదాకా వచ్చిన మాట నాది కాదు, నాగవేణక్కది: "దీన్ని ఈడ చూసేదేమప్పా, బుద్ధుండల్ల."

నాగవేణక్కను మీరు చూసి ఉండరు. యూనివర్సిటీ గేటు నుంచి తార్నాక వైపు నడిచొస్తే, జిరాక్స్ షాపుకూ ఇరానీ హోటల్‌కూ మధ్య ఒక ఇరుకు గదిలో ఆమె డీవీడీల షాపు ఉండేది. సినిమాలు అద్దెకిచ్చి బతికే మనిషి, సినిమా ఇంట్లో చూసేది కాదని వచ్చినవాళ్లందరితో పోట్లాడేది. అనంతపురం ఆవిడ. భర్తది ప్రభుత్వ ఉద్యోగం, ఆ ఉద్యోగం వెంట ఈ ఊరొచ్చింది. జడలో ఎప్పుడూ కనకాంబరాలు, గొంతు నాలుగు షాపుల అవతలికి వినపడేది. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. నేను ఎమ్మెస్సీ చదువుతూ హబ్సిగూడ నుంచి క్యాంపస్‌కు వచ్చి పోయేదాన్ని. మా వాళ్లది బందరు. మొదటిసారి ఆమె షాపుకెళ్లి, అట్ట మీద తుఫానూ పడవా ఉన్న ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

"యాడ చూస్తావ్ పాపా దీన్ని?" అంది.

"ఇంట్లోనండీ. లాప్‌టాప్‌లో."

"అయితే ఈను. తీసిన కాడనే పెట్టెయ్."

డబ్బా తెరిచి చూస్తే అది ఖాళీది. నాకు చిర్రెత్తింది. "అద్దె ఇస్తానంటే కూడా ఇవ్వరా? మరి షాపెందుకు?" అన్నాను. ఆమె ఏమాత్రం నొచ్చుకోలేదు. "దుడ్లు నాకూ కావల్లలే. కానీ ఆ అలను నువ్వు లాప్‌టాప్‌లో చూసినావనుకో, ఇంగ అల అంటే అంతేలే అనుకుంటావ్. ఆ పాపం నాకొద్దు" అంది. ఆమెకో లెక్క ఉంది. గదుల్లో కూర్చుని మాట్లాడుకునే సినిమాలు ఇంటికిస్తుంది. ఆకాశం కనపడే సినిమాలు ఇవ్వదు, వాటి ఖాళీ డబ్బాలు ఊరించడానికి ఒక అరలో పేర్చి పెడుతుంది. ఆ రోజు విసురుగా బయటికొచ్చి, మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. అలా వెళ్లినవాళ్లు హాస్టళ్ల నిండా ఉన్నారని తర్వాత తెలిసింది. తిట్టించుకోవడానికే వచ్చేవాళ్లు.

ఆ తుఫాను సినిమా కథ ఆమె నోటే విన్నాను. ఏదో విదేశీ సినిమా. ఒక తల్లీ, ఇద్దరు కొడుకులూ, ఒక చేపల పడవ, అంతే. అనంతపురంలో చిన్నప్పుడు వాళ్ల నాయన ఉదయం ఆటకు తీసుకెళ్లాడట. "వానకే మొగం వాచిన ఊరు మాది, ఇంగ సముద్రం యాడ చూస్తాం? ఆ అల లేసింది, లేసింది, పడవ మీద పడల్ల. అప్పుడు ఇంటర్వెల్ ఇచ్చినాడు" అంది. విదేశీ సినిమాల్లో ఇంటర్వెల్ ఉండదు కదా, టీలూ సమోసాలూ అమ్ముడుపోవాలి కాబట్టి మన థియేటర్ల వాళ్లు తోచిన చోట ఆపేసేవాళ్లు. అక్కడా అలాగే ఆపారు. జనమంతా బయట నిలబడి పడవ మునుగుతుందా తేలుతుందా అని ఒకటే వాదన. మళ్లీ లోపలికెళ్లాక అల విరుచుకుపడింది. నీళ్లు మీదికొస్తాయేమో అని హాలంతా కాళ్లు ఎత్తి సీట్ల మీద పెట్టుకుందట. "ఇంట్లో అయితే ఆపే బటన్ నీ చేతిలో ఉంటాది పాపా. హాల్లో ఆపేటోడు వేరే. ఆ ఇంటర్వెల్‌లో నువ్వేం చేయలేవు, పక్కనోడితో మాట్లాడాల్సిందే" అనేది.

ఆ తర్వాత ఆమె వెంట నేను చూసిన సినిమాలకు లెక్క లేదు. ల్యాబ్ ఎగ్గొట్టి మ్యాట్నీలకు పోయేవాళ్లం. బాల్కనీ అంటే ఆమెకు పడదు, తెర రెండు కళ్లకూ సరిపోయేంత ముందుకు కూర్చోవాలి. ఆట మొదలవడానికి చాలా ముందే వెళ్లి, వచ్చేవాళ్లను చూడాలి. దీపాలు ఆరుతుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకునేది, ఎన్ని సినిమాలు చూసినా ఆ పట్టు సడలలేదు. నాకూ గుండె దడదడలాడేది. ఇంట్లో టీవీ ముందు ఏనాడూ అలా కొట్టుకోలేదు నా గుండె. ఒక్కటే చిరాకు, మంచి రసపట్టులో ఆమె తల వెనక్కి తిప్పి చూసేది. "ఎవరైనా వస్తామన్నారా అక్కా?" అంటే, "ఎవురూ లేదులే, నువ్వు చూడు" అనేది.

క్యాంపస్ అప్పుడు ఉడికిపోతోంది. పొద్దున నినాదాలు, మధ్యాహ్నం టియర్ గ్యాస్, గేటు దగ్గర ముళ్లకంచెలు. హబ్సిగూడలో మా నాన్న టీవీ వార్తలు గట్టిగా పెట్టుకుని, ఈ ఊళ్లో మనల్ని ఉండనిస్తారా అని అమ్మతో గొణిగేవారు. నాగవేణక్క షాపులో మాత్రం ఊరేగింపుల్లో ముందుండే కుర్రాళ్లే సాయంత్రాలు డీవీడీలు వెతుక్కునేవాళ్లు. వాళ్లలో మల్లేశ్ అని సిద్దిపేట అబ్బాయి, పీహెచ్‌డీ చేస్తున్నాడు. "అక్కా, రేపు తెలంగాణ వస్తే నువ్వు మీ ఊరికి పోతవా ఏంది?" అని ఆటపట్టించేవాడు. "పోతా. పోతా పోతా ఈ ఖాళీ డబ్బాలన్నీ ఎత్తుకపోతా. అప్పుడు మీరు ఏం చూసి ఏడుస్తారో చూస్తా" అనేది. నవ్వేవాళ్లం. కానీ నవ్వాక ఒక్కోసారి ఆమె ఆ అర వైపు తిరిగి, సర్దిన డబ్బాలనే మళ్లీ సర్దేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె షాపు వదిలేసి, నన్ను వెతుక్కుంటూ మా డిపార్ట్‌మెంట్ మెట్ల దాకా వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. లాలాపేట వైపు పోయే దారిలో ఒక పాత థియేటర్ ఉంది. అక్కడ రీళ్ల మిషన్ తీసేసి కొత్త డిజిటల్ మిషన్ పెడుతున్నారట. తీసేసే లోపల ఒక్క ఉదయం ఆట ఈమెకిస్తానన్నాడు మేనేజర్. తుఫాను సినిమా ప్రింటు బెంగుళూరులో ఒకాయన దగ్గర దొరికింది, ఇలా వచ్చి అలా వెళ్లిపోవాలి. హాలు సగమైనా నిండకపోతే ఆట వేయనన్నది మేనేజర్ షరతు. "ఇంగ మల్లా ఈ జన్మలో దాన్ని తెర మీద చూసేది లేదు పాపా. ఇదే కడసారి" అంది. హాస్టళ్లన్నీ తిరిగాం. వస్తాం అన్నవాళ్లే అందరూ.

సరిగ్గా ఆ రోజుకే బంద్ పిలుపు వచ్చింది. తార్నాక చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పు. ఆ సంగతి చెప్పడానికి మల్లేశే స్వయంగా వచ్చి, షాపు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, థియేటర్లు గూడ బందే. నువ్వు ఊ అంటే మావోళ్లతోని మాట్లాడి, నీ ఒక్క ఆటకు…"

"వద్దప్పా. నా సినిమాకు సందు ఇస్తే రేపు ప్రతివోడూ ఒక సందు అడుగుతాడు. బంద్ అంటే బందే. మీ పని మీరు చేసుకోండి" అంది.

అతను వెళ్లాక ఆమె తుఫాను సినిమా ఖాళీ డబ్బా తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ అరలో పెట్టింది. నాకు దుఃఖం వచ్చింది. "బంద్ సాయంత్రం ఆరింటిదాకానే కదక్కా, ఆ తర్వాత వేయమందాం" అన్నాను. ఇద్దరం పరుగున థియేటర్‌కెళ్లాం. మేనేజర్ తల అడ్డంగా ఊపాడు. "బంద్ నాడు పొద్దుగూకినంక ఎవరొస్తరమ్మా? బస్సులుండయి. రీళ్ల డబ్బాలేమో పొద్దుగాల రైలుకు పోవాలె" అన్నాడు. ఆమె వదల్లేదు. చివరికి సరే అన్నాడు, సగం హాలు షరతు మాత్రం అలాగే ఉంది.

బంద్ రోజు మధ్యాహ్నం క్యాంపస్ గేటు దగ్గర మళ్లీ టియర్ గ్యాస్. నేను బయల్దేరుతుంటే నాన్న అడ్డొచ్చారు. "ఈ గొడవల్లో సినిమా ఏవిటే? సముద్రం నేను చూడనిదా? టీవీలో వేస్తే చూద్దువుగాని" అన్నారు. నేను చెప్పులేసుకున్నాను. ఒక్కదాన్నే పంపలేక, సణుక్కుంటూ వెంట వచ్చారు. చౌరస్తాలో కుర్రాళ్లు మసిబారిన గుండిగలు కడుగుతున్నారు. థియేటర్ దగ్గర నాగవేణక్క పట్టుచీర కట్టుకుని గేటు పక్కన నిలబడి ఉంది. లోపల రైల్వే క్వార్టర్ల వాళ్లు కొందరు, జిరాక్స్ షాపాయన, అంతే. మేనేజర్ వాచీ చూసుకుంటున్నాడు. ఆమె రోడ్డు వైపే చూస్తోంది. నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

అప్పుడు మలుపు తిరిగి వచ్చారు కుర్రాళ్లు. మెడల్లో తడి రుమాళ్లు, ఎర్రబడ్డ కళ్లు, చేతులకు మసి. రోడ్డు మీంచి నేరుగా వచ్చేశారు, ఇద్దరైతే మిగిలిన కిచిడీ గిన్నె కూడా మోసుకొచ్చారు. వస్తూనే ఉన్నారు. "ఆరు దాటింది అక్కా, బంద్ అయిపాయె. ఇగ షురూ చెయ్యమను" అన్నాడు మల్లేశ్. ఆమె దారిచ్చి పక్కకు తప్పుకుంది.

ఆ పడవ, ఆ నీళ్లు, ఆ ఆకాశం నేనెలా చెప్పను? మా కళ్ల ముందు సముద్రం గోడలా లేచింది, ఇంకా లేచింది, హాలంతా ఊపిరి బిగబట్టింది. దీపాలు వెలిగాయి. తెర మీద "విశ్రాంతి" అని పడింది. ఒక్కసారిగా ఈలలు, తిట్లు, గోల. "ఎవడ్రా ఆపింది" అని మల్లేశ్ లేచాడు. నాగవేణక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సరిగ్గా అక్కడే ఆపమని మేనేజర్‌తో పోట్లాడి ఒప్పించింది మరి.

బయట కిచిడీ పంచుకుంటూ అందరిదీ ఒకటే మాట. "మునుగుతది, పక్కా" అన్నాడు మల్లేశ్. నా పక్కన బిగుసుకుని నిలబడ్డ నాన్న ఇక ఆగలేకపోయారు. "మునగదు బాబూ. అలకి ముక్కు ఎదురుపెట్టి పోతే పడవకేం కాదు. పక్కకి తిప్పితేనే పోతుంది. ఆ తల్లి తిప్పదు, చూస్తూ ఉండు" అన్నారు.

"మీరు పడవ నడిపిన్రా సార్?"

"మా నాన్న నడిపేవాడు. ఒకసారి నేనూ ఉన్నాను, ఇలాంటి గాలిలోనే."

తాతయ్యకు పడవ ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. నేను పుట్టకముందే పోయాడు, ఏదో వ్యాపారం అని మాత్రమే విన్నాను. నేను పుట్టినప్పటి నుంచీ ఒకే టీవీ ముందు కూర్చున్నాం, నాన్న ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. మల్లేశ్ ఇంకేదో అడుగుతున్నాడు, నాన్న ఒక చేత్తో కిచిడీ పట్టుకుని రెండో చేత్తో పడవ ఎలా వంగుతుందో చూపిస్తున్నారు. మర్నాటి నుంచి ఎవరి అభిప్రాయాలు వాళ్లవే, టీవీ వార్తలు మళ్లీ గట్టిగానే మోగాయి. కానీ ఆ కాసేపు మా నాన్న ముఖం నాకు కొత్తగా ఉంది.

లోపలికెళ్లాం. అల విరుచుకుపడింది. హాలు హాలంతా కాళ్లు లేచాయి. ఇస్త్రీ మడత నలగని ప్యాంటుతో మా నాన్న, ఆయన పక్కన మసి చేతుల మల్లేశ్, ఇద్దరూ మోకాళ్లు గుండెకు హత్తుకుని కూర్చున్నారు. నావీ ఎప్పుడు లేచాయో తెలీదు. నవ్వుతూ నాగవేణక్క వైపు తిరిగితే సీటు ఖాళీ. తెర పక్కన గోడకానుకుని, తెరకు వీపు పెట్టి నిలబడి ఉంది. మమ్మల్ని చూస్తోంది. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

బయటికొచ్చాక కోప్పడ్డాను. "ఇన్నేళ్లు దీనికోసం తపించి, తీరా అల పడేటప్పుడు చూడవా అక్కా?"

"అల నేను చూసిందే పాపా" అంది. "అప్పుడు చిన్నదాన్ని, ముందర వరసలో కూచున్యా. నా వెనకాల హాలంతా కాళ్లు ఎత్తినారని మా నాయన చెప్తే విన్న్యా గాని, నేను చూడల్యా."

తర్వాత రాష్ట్రం వచ్చింది. వాళ్లాయనకు అనంతపురం బదిలీ అయింది. ఖాళీ డబ్బాల్లో తుఫానుది మాత్రం నాకిచ్చి వెళ్లింది. లోపల డిస్కు లేదు, అలాగే ఉంచుకున్నాను.

హబ్సిగూడ వచ్చేసరికి మెట్రోలో కుర్రాడు మాటలు ముగించి అలను మళ్లీ కదిలించాడు. అది పడింది. అతని కాళ్లు నేల మీదే ఉన్నాయి. నేను దిగిపోయాను. ఇవాళ్టికీ హాల్లో ఒళ్లు జలదరించే ఘట్టం వస్తే నా తల దానంతటదే వెనక్కి తిరుగుతుంది. మా ఆయన విసుక్కుంటారు, అంత అవస్థపడితే ఇంట్లోనే చూద్దాం కదా అంటారు. ఇంట్లో వెనక్కి తిరిగితే గోడ ఉంటుంది.