కిందికి దించిన కిటికీ

ఎల్‌బీ నగర్‌లో ఎక్కడ కొత్త ఇల్లు లేస్తున్నా, ఆ తడి సిమెంటు వాసనకు మా మీర్‌పేట్ ఇల్లు గుర్తొస్తుంది.

నాకప్పుడు ఏడేళ్ళు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చిన మేము సైదాబాద్‌లో అద్దెకుంటూ ఆ ఇల్లు కట్టుకుంటున్నాం. అమ్మకు జబ్బు చేసింది. ఒకరోజు నాన్న ఆమెను ఆటోలో అక్కడికి తీసుకొచ్చి, ముందు గది కిటికీని బాగా కిందికి దించమని మేస్త్రీ యాదయ్యతో చెప్పాడు.

"అంత పెద్ద కిటికీ పెడితే పైన ఇటుకలు కూలిపోవా?" అంది అమ్మ.

"కూలవమ్మా. మీద లింటెల్ పోస్తం గద. అటు ఇటు గోడల మీద కూసొని బరువంత గదే మోస్తది," అన్నాడు యాదయ్య.

కిటికీ నా ఎత్తుకే దించుతున్నారనుకుని నేను గంతులేశాను. అమ్మ నవ్వి ఊరుకుంది.

లింటెల్ పోశాక వరసగా బంద్‌లు. బస్సుల్లేకపోయినా యాదయ్య దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచొచ్చి దానికి నీళ్ళు పట్టేవాడు. "తెలంగాణ రావాలె, అమ్మ గీ ఇంట్ల అడుగు పెట్టాలె సార్," అనేవాడు.

లింటెల్ కింది కర్రలు తీయకముందే అమ్మ పోయింది.

"కింద జర ఇటుకలు కట్టి మామూలు కిటికీ లెక్క చెయ్యమంటరా సార్?" అని యాదయ్య మెల్లగా అడిగాడు.

"వద్దు యాదయ్యా, అలాగే ఉండనీ," అన్నాడు నాన్న.

చాలా ఏళ్ళ తర్వాత జ్వరంతో ఆ కిటికీ పక్కన మంచం మీద పడుకున్నాను. దిండు మీది నుంచి తల ఎత్తకుండానే వీధంతా కనిపించింది. కిటికీ దించింది నా కోసం కాదని అప్పుడు తెలిసింది. మందుబిళ్ళ తెచ్చిన నాన్న నేనెటు చూస్తున్నానో గమనించాడు. మంచం చివర కూర్చుని, తనూ వీధి వైపు చూస్తూ ఉండిపోయాడు.