తెర వెనకవైపు రష్యా

నాది పుర్రచేతి వాటం. అరవైల్లో అనకాపల్లిలో ఆడపిల్లకి అది చిన్న సంగతి కాదు. అన్నం ముందు కూర్చోగానే మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, తన పాత కోక పీలికతో నా ఎడం చేతిని నడుముకి కట్టేసేది. ఎన్నిసార్లు కట్టినా పలకా బలపం కనబడితే ముందుగా ఆ చెయ్యే లేచేది. చివరికి మామ్మ విసిగిపోయి, "ఈ దసరా సెలవుల్లో దీనికి వాత ఎట్టించేత్తాను. అప్పుడు గాని బుద్ధి రాదు," అంది. మామ్మ ఉత్తుత్తినే బెదిరించే మనిషి కాదు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే బెల్లం మార్కెట్టు యార్డులో రష్యా సినిమా వేస్తున్నారని దండోరా వేశారు. టిక్కెట్టు లేదు. ఉచితమంటే మా ఊళ్ళో మంచం పట్టినవాడు కూడా లేచి వస్తాడు. కశింకోట నుంచి బళ్ళు కట్టుకుని మరీ వచ్చారు. రెండు వెదుళ్ళ మధ్య పల్చటి తెల్లగుడ్డ కట్టారు, బొమ్మ రెండువైపులా కనబడుతుంది. ముందువైపు మగవాళ్ళు, వెనకవైపు ఆడవాళ్ళు. అటు మగాళ్ళ చూపు పడదు కనుక బజారులో సాయిబుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చి మా పక్కనే చాపలు పరుచుకున్నారు. సినిమా పేరు తెర మీద పడింది. అక్షరాలు తిరగబడి ఉన్నాయని మాకెవరికీ తట్టలేదు. రష్యా అక్షరాలు ఎటునుంచి చూసినా మాకు ఒకటే.

కథ చిన్నది. మంచు కురిసే ఊళ్ళో ఓ పసిబిడ్డకి జబ్బు చేస్తుంది. గుర్రబ్బండి మీద డాక్టరమ్మ వస్తుంది.

"ఏటే ఆ తెల్లటిది? ఉప్పా?" అంది మామ్మ.

మైకు పట్టుకుని తెలుగులో కథ చెబుతున్నాయన అది మంచు అన్నాడు.

"అంత మంచులో ఏటి పండుతాది? ఆళ్ళేటి తింతారు?" మామ్మకి ఇంకో అనుమానం. ప్రశ్నలు వెయ్యడంలో నాది ఆవిడ పోలికే.

అంతలో డాక్టరమ్మ మందుచీటీ రాసింది. ఎడం చేత్తో! నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. బిడ్డ అమ్మమ్మ జావ పట్టింది, ఎడం చేత్తోనే. గుమ్మంలో సిపాయి సలాం కొట్టిందీ ఎడం చేత్తోనే.

"ఓలమ్మో, దేశం దేశమంతా పుర్రసేతోళ్ళేనే!" మామ్మ బుగ్గలు నొక్కుకుని నా వైపు అదోలా చూసింది. నాకైతే ఆ నిమిషాన రష్యా వెళ్ళిపోవాలనిపించింది.

ఇంకా దగ్గరగా చూద్దామని తెర అంచుదాకా వెళ్ళాను. మగవాళ్ళ వైపు తొంగిచూస్తే అదే డాక్టరమ్మ కుడిచేత్తో మందు పోస్తోంది. ఇటొచ్చాను, ఎడమ. అటెళ్ళాను, కుడి. అటూ ఇటూ తిరుగుతుంటే ఎవరో కసిరారు. నోరు మూసుకుంటే నా చెయ్యి బతికిపోతుందని తెలుసు. కానీ అంత వింత చూసి కడుపులో దాచుకోవడం నావల్ల కాలేదు. పరుగెత్తుకెళ్ళి మామ్మని లాక్కొచ్చాను.

మగాళ్ళు కూర్చున్న వైపు ఎన్నడూ అడుగుపెట్టని మనిషి, నెత్తిన చెంగు కప్పుకుని తెర అంచున నిలబడింది. ఇటు చూసింది, అటు చూసింది, మళ్ళీ ఇటు చూసింది. తెర మీద బిడ్డ కళ్ళు తెరిచి నవ్వేదాకా అక్కడే నిలబడిపోయింది. నా తెలివితక్కువతనాన్ని నేనే తిట్టుకున్నాను.

ఇంటికొచ్చాక మామ్మ ఆ వింత చెబితే నాన్న నవ్వాడు. "అద్దంలో సూసినట్టేనమ్మా. ఆళ్ళదీ కుడిసెయ్యే. నువ్వు ఎనకనించి సూసేవు, అంతే."

ఎడం చేతిని పరికిణీ కుచ్చిళ్ళలో దాచేసుకున్నాను.

మామ్మ నాన్నకేసి తిరిగింది. "అయితే మీ మగోళ్ళ ఏపునించి సూసినోళ్ళకి ఆ బిడ్డ సచ్చిపోయిందేట్రా?"

"నేదమ్మా. మాకూ బతికింది."

"మరింకేటి? వాతా నేదు, గీతా నేదు. ఆ సెయ్యీ మన పిల్లదే కదరా," అంది.