రెండు రోజులన్న మాట

పదకొండేళ్ళుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను మార్కాపురంలో రాతి పలకల కార్మికుల సంఘానికి కార్యదర్శిని. కనీస వేతనాలు సవరించడానికి ప్రభుత్వం వేసిన కమిటీలో యజమానులతో పాటు మా సంఘానికీ చోటిచ్చారు. నిజం చెప్పాలంటే, ఆ కుర్చీ నాకు మరీ నచ్చింది. కమిటీ తరఫున పని చూడటానికి వచ్చిన అధికారి నన్ను జీపులో పక్కనే కూర్చోబెట్టుకుని, రాయి చీల్చే ఆడవాళ్ళను నైపుణ్యం గలవాళ్ళ కింద రాస్తే యజమానులు సంతకం పెట్టరనీ, అందరి పెంపూ ఆగిపోతుందనీ మెల్లగా చెప్పాడు. నేను తలూపాను.

మేం వెళ్ళిన షెడ్డులో కాశమ్మక్క పనిలో ఉంది. ఉలి ఆనించి సుత్తితో తట్టి, ఆ చప్పుడును బట్టి రాతిపొర ఎక్కడ విడిపోతుందో చెప్పగల మనిషి. నాకు ఆ పని నేర్పింది ఆమే. నేర్చుకునేటప్పుడు నేను పగలగొట్టిన రాళ్ళను యజమాని కంటపడకుండా గోనెసంచి కింద దాచిందీ ఆమే.

ఇది నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందని అధికారి నన్నడిగాడు.

"రెండు రోజులు సార్" అన్నాను.

ఆమె సుత్తి ఆగింది. "ఏంది తమ్ముడా, అట్లంటివి? నీకు రెండేండ్లు పట్టింది గదా!"

"నీకు తెలీదులే అక్కా, పని చూసుకో."

అధికారి రాసుకున్నాడు. ఆమె మళ్ళీ సుత్తి ఎత్తింది.

జీవో వచ్చింది. మిషన్ల మీద చేసే మగవాళ్ళకు కూలి బాగా పెరిగింది, నాకు దండలు పడ్డాయి. ఆడవాళ్ళది నైపుణ్యం లేని పనిగా అట్టడుగు వరుసలోనే మిగిలింది. ఎవరికీ ఏమీ రాకపోవడం కన్నా కొందరికైనా రావడం మేలు కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో, చెప్పుకున్న ప్రతిసారీ ఆ కొందరిలో ఆమె ఎందుకు లేదన్న ప్రశ్న దగ్గరే ఎందుకు ఆగిపోయానో! ముందే ఆమెను అడిగి ఉంటే? పెంపు ఆగితే ఆగనీ అనేదేమో. అడగలేదు. భయమా? కాదు. కుర్చీ మీద మోజు.

కాశమ్మక్క ఇంకా అదే షెడ్డులో, అదే వరుసలో ఉంది. బజారులో ఎదురైతే "బాగుండావా తమ్ముడా" అంటుంది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోతాను, అయినా ఆ సంగతి ఎత్తలేను.

ఆ అధికారి ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఆయన అడిగినదానికి జవాబు ఇక్కడ చెబుతున్నాను.

రెండేళ్ళు సార్. అయినా నాకు సరిగ్గా రాలేదు.