రెండో పిట్ట

దయ్యాల మాట ఎత్తితే అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. ఇది రాస్తున్నది ఎవరినీ భయపెట్టడానికి కాదు. ఒక ముసలాయన మీద నేను వేసిన నింద అబద్ధమని చెప్పడానికి.

ఫిలింనగర్‌లో సినిమాలకు చప్పుళ్లు తయారు చేయడం నా పని. రెండేళ్ల కిందట ఒక వేట సన్నివేశానికి కౌజు పిట్ట కూత కావాల్సి వచ్చింది. వికారాబాద్ వైపు పల్లె నుంచి లచ్చయ్య అనే వేటగాడు గుడ్డ కప్పిన పంజరంతో వచ్చాడు. వెంట అల్లుడు. పంజరంలో ఆయన పెంచిన మగ పిట్ట. దాన్ని పొదల పక్కన పెడితే కూస్తుందట. అడవి పిట్ట పోట్లాటకు వచ్చి ఉచ్చులో పడుతుందట.

మా రికార్డింగ్ గది నేల అడుగున ఉంటుంది. పైన లారీ పోయినా వినపడదు. లచ్చయ్య పంజరం దగ్గర కూర్చున్నాడు. అద్దానికి ఇవతల నేను, అల్లుడు. అరగంటకు పిట్ట కూసింది. వెంటనే, కొంచెం దూరం నుంచి, ఇంకో పిట్ట జవాబిచ్చింది.

లచ్చయ్య మొహం గోడ వైపు ఉంది. మూతికి తువ్వాలు అడ్డం ఉంది. నాకు అది చాలు.

“నోటితో కూసింది నువ్వే కదా పెద్దాయనా?”

“నా పిట్ట ముందల నేనెట్ల కూస్త సారు? మనిషి కూత ఇన్నదంటే అది మల్ల నోరు తెరవది. గట్ల జేసినోన్ని మావోళ్లు వేటకు రానియ్యరు.”

అల్లుడు పగలబడి నవ్వాడు. “సిన్మావోళ్లకే సిన్మ సూపిస్తున్నవా మామా!”

ముసలాయన నవ్వలేదు. పంజరం గదిలోనే వదిలి ముగ్గురం రోడ్డు అవతలికి చాయ్ తాగడానికి వెళ్లాం. అక్కడ కూడా నలుగురి ముందు ఆయన్ను మోసగాడనే అన్నాను.

రికార్డింగ్ ఆపడం మరిచిపోయానని సాయంత్రం తెలిసింది. తలుపు మూసుకున్న చప్పుడు ఉంది. తర్వాత పదకొండు నిమిషాలు గదిలో మనిషి లేడు. పిట్ట ఆరుసార్లు కూసింది. ఆరుసార్లూ జవాబు వచ్చింది. నా సహాయకుణ్ణి అనుమానించాను. వాడు ఆ రోజు సెలవు. వరండా కెమెరా చూశాను. తలుపు దగ్గరికి ఎవరూ రాలేదు.

లచ్చయ్యకు ఫోన్ చేయాల్సింది. నామోషీతో చేయలేదు.

మొన్న వేసవిలో పని కోసం అల్లుడు ఫోన్ చేసినప్పుడు తెలిసింది. నేనన్న మాట అల్లుడే ఊళ్లో నవ్వుతూ చెప్పాడట. పైగా ఆ రోజు నుంచి పిట్ట కూయడం మానేసిందట. ఊళ్లో వేటగాళ్లకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. లచ్చయ్యను ఎవరూ వేటకు పిలవడం లేదు. వేట మాంసంలో కుక్కలకు కూడా వాటా పెట్టేవాళ్లు ఆయన గడప తొక్కడం లేదు.

మర్నాడే లాప్‌టాప్ పట్టుకుని ఆ ఊరు వెళ్లాను. అందర్నీ కూర్చోబెట్టి మొత్తం వినిపించాను. వాళ్ల పెద్దమనిషి కళ్లు మూసుకుని విన్నాడు.

“పిట్టలే. రెండున్నయి.”

లచ్చయ్య తలెత్తాడు.

“సారూ, నువ్వేం పని జేస్తవ్?” అని పెద్దమనిషి నన్ను అడిగాడు. చెప్పాను.

“లేని సప్పుడు ఉన్నట్టు జేసుడే గదా నీ పని! ఇది గూడ జేసి తెచ్చినవేమో, మాకేం ఎర్క?”

నేనేం చెప్పినా అక్కడ ఎవరూ వినలేదు. లచ్చయ్య మళ్లీ తల దించుకున్నాడు.

ఆ రికార్డింగ్‌లో నేను ఏదీ కోయలేదు, ఏదీ కలపలేదు. ఆ రెండో కూత లచ్చయ్యది కాదు, నాది కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.